ఒక్క అవుట్‌పుట్, ఎనిమిది తెరలు: వీడియో సిగ్నల్‌ను డిస్ట్రిబ్యూషన్ యాంప్లిఫైయర్‌తో పంచడం ఎలా?

నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ ఇప్పుడు ఓ మోస్తరు పెళ్లంటే స్టేజీకి రెండు పక్కలా ఎల్‌ఈడీ వాల్, భోజనాల హాల్లో రెండు టీవీలు, గేటు దగ్గర షామియానా కింద ఇంకొకటి, అమెరికాలో ఉన్న బంధువులకు యూట్యూబ్ లైవ్. గుడిలో స్వామివారి కల్యాణమైనా, చర్చి సభలైనా, రొట్టెల పండుగ లాంటి చోట జనం కోసం పెట్టే తెరలైనా ఇదే అవసరం. ఇన్ని తెరలకూ బొమ్మ వెళ్లాల్సింది మాత్రం ఒకే చోటు నుంచి, వీడియో మిక్సర్ (ఏ కెమెరా బొమ్మ తెరకు వెళ్లాలో ఎంచే పెట్టె) వెనకున్న ఒక్క ప్రోగ్రామ్ అవుట్‌పుట్ నుంచి. ఆ ఒక్కదాన్ని పంచే పెట్టెనే డిస్ట్రిబ్యూషన్ యాంప్లిఫైయర్ అంటారు. పనిలో ఉన్నవాళ్లు డీఏ అని పిలుస్తారు. కెమెరాలకు, డ్రోన్‌లకు లక్షలు పెట్టి, ఈ చిన్న పెట్టె దగ్గర పొదుపు చేయడం చాలా చోట్ల కనిపిస్తుంది. మాంగళ్యధారణ వేళ తెర నల్లబడితే ఆ క్షణాన్ని మళ్లీ తెచ్చివ్వలేం. అందుకే దీని మీద ఇంత వివరంగా రాస్తున్నాను.

వైరును చీలిస్తే ఏమవుతుంది?

పాత పసుపు పిన్ను కాంపోజిట్ వీడియోతో మొదలుపెడదాం, లెక్క అందులో తేటగా కనిపిస్తుంది. ఆ సిగ్నల్ 1 వోల్టు ఉంటుంది. అందులో 0.7 వోల్టు బొమ్మకు, 0.3 వోల్టు సింక్‌కు, అంటే బొమ్మను తెర మీద నిలబెట్టే గుర్తులకు. సోర్సు (సిగ్నల్ పంపే పరికరం) 75 ఓమ్‌లు, కేబుల్ 75 ఓమ్‌లు, టీవీ 75 ఓమ్‌లు అన్న లెక్క మీద ఇదంతా నిలబడి ఉంటుంది. సోర్సు లోపల పుట్టేది నిజానికి 2 వోల్టులు. సగం దాని సొంత 75 ఓమ్‌ల దగ్గరే పడిపోయి, మిగిలిన సగం టీవీకి చేరుతుంది.

ఇప్పుడు టీ పిన్ను పెట్టి రెండో టీవీ తగిలించారనుకోండి. రెండు 75లు పక్కపక్కన చేరి 37.5 ఓమ్‌లు అవుతాయి. టీవీలకు చేరేది 0.67 వోల్టుకు పడిపోతుంది. మూడోది కూడా తగిలిస్తే 0.5 వోల్టే. బొమ్మ మసకబారుతుంది, సింక్ కూడా తగ్గిపోతుంది కాబట్టి కొన్ని టీవీల్లో బొమ్మ నిలవదు. పైగా చీలిక దగ్గర సిగ్నల్‌లో కొంత వెనక్కి తిరిగి, గీతల పక్కన నీడలు పడతాయి.

డీఏ చేసే పని ఇది. ఇన్‌పుట్ దగ్గర 75 ఓమ్‌లతో సిగ్నల్‌ను మర్యాదగా అందుకుంటుంది, లోపల దాన్ని రెట్టింపు చేస్తుంది, తర్వాత ఒక్కో అవుట్‌పుట్‌కూ విడిగా ఒక్కో 75 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి బయటకు పంపుతుంది. ప్రతి తెరకూ నిండు 1 వోల్టు చేరుతుంది. ఒక అవుట్‌పుట్ వైరు తెగినా, షార్టయినా మిగతావాటికి దాదాపు తెలియదు. నా దృష్టిలో సిగ్నల్ బలం కన్నా ఈ రెండో గుణమే ఎక్కువ విలువైనది. గేటు దగ్గర ఎవరో వైరు తొక్కి తెంపేస్తే స్టేజీ మీద తెర ఆగిపోకూడదు కదా.

ఒక విషయం ఇక్కడే చెప్పేయాలి. కేబుల్ టీవీ వాళ్లు వాడే స్ప్లిటర్ వేరు, ఇది వేరు. అది ఆర్‌ఎఫ్ (చానళ్లను మోసే రేడియో) సిగ్నల్‌ను కరెంటు లేకుండా పంచుతుంది, సిగ్నల్ బలం రెండుగా చీలిస్తే సుమారు 3.5 డెసిబెల్స్ (డీబీ), నాలుగుగా చీలిస్తే 7 డీబీ దాకా తగ్గిపోతుంది. దాన్ని కెమెరా సిగ్నల్‌కు వాడితే పని జరగదు.

మొదటి అడుగు: మీ సిగ్నల్ ఏ రకం?

కాంపోజిట్ ఇప్పుడు పాత సీసీ కెమెరాలకు, పాత లాడ్జి టీవీలకు మిగిలింది. కొత్త సీసీ కెమెరాలు అదే కోయాక్సియల్ వైరు (మధ్యలో ఒక తీగ, చుట్టూ జాలీ ఉండేది) మీద హెచ్‌డీ అనలాగ్ పంపుతాయి, వాటికి పాత కాంపోజిట్ డీఏ సరిపోదు. పెట్టె మీద ఆ కెమెరా రకం పేరు రాసి ఉంటేనే కొనండి.

ఎస్‌డీఐ అనేది టీవీ చానళ్ల స్టూడియోల్లో వాడే సిగ్నల్. గుండ్రంగా తిప్పి బిగించే బీఎన్‌సీ కనెక్టర్, 75 ఓమ్‌ల కోయాక్సియల్ కేబుల్. బొమ్మ, శబ్దం ఒకే వైరులో పోతాయి. ఇది డిజిటల్ కాబట్టి టీ పిన్నుతో చీల్చడం అస్సలు కుదరదు, డీఏ ఉండాల్సిందే.

హెచ్‌డీఎంఐ డీఏనే బజార్లో హెచ్‌డీఎంఐ స్ప్లిటర్ అని అమ్ముతారు. చవక, ఎక్కడైనా దొరుకుతుంది. కానీ దీనికి ఒక పుట్టు లోపం ఉంది. హెచ్‌డీఎంఐలో సోర్సు, టీవీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. నేను ఫలానా రిజల్యూషన్ చూపించగలను అని టీవీ చెబుతుంది, ఆ సమాచారాన్ని ఈడీఐడీ అంటారు. కొత్తగా టీవీ తగిలినా, ఉన్నది ఆగినా ఆ మాటలు మళ్లీ మొదలవుతాయి. చవక స్ప్లిటర్లలో ఆ రెండు మూడు సెకన్లు అన్ని తెరలూ నల్లబడతాయి. భోజనాల హాల్లో ఎవరో పిల్లవాడు రిమోట్‌తో టీవీ ఆపితే స్టేజీ పక్క ఎల్‌ఈడీ వాల్ ఆరిపోవడానికి కారణం ఇదే. అనలాగ్, ఎస్‌డీఐ డీఏల్లో అవుట్‌పుట్లకు ఉండే స్వతంత్రం ఇందులో పూర్తిగా ఉండదు.

కాబట్టి నా సలహా సూటిగా చెబుతాను. మూడు తెరల లోపు, అన్నీ పది మీటర్లలో ఉంటే మంచి హెచ్‌డీఎంఐ స్ప్లిటర్ చాలు. అంతకు మించితే పంపకం ఎస్‌డీఐలో చేసి, ఒక్కో తెర దగ్గర చిన్న కన్వర్టర్‌తో హెచ్‌డీఎంఐలోకి మార్చుకోండి. మీ మిక్సర్‌కు హెచ్‌డీఎంఐ మాత్రమే ఉన్నా పర్వాలేదు, మిక్సర్ పక్కనే హెచ్‌డీఎంఐ నుంచి ఎస్‌డీఐకి మార్చే కన్వర్టర్ పెట్టి, అక్కడి నుంచి డీఏకు ఇవ్వండి.

రెండో అడుగు: కాగితం మీద గీయండి

ముహూర్తానికి ఒక రోజు ముందే మండపానికి వెళ్లి టేపుతో కొలవాలి. ఉదాహరణకు ఒక మామూలు కల్యాణ మండపం తీసుకుందాం. మిక్సర్ హాలు వెనక మూల. అక్కడి నుంచి స్టేజీ పక్క ఎల్‌ఈడీ కంట్రోలర్ (వాల్‌కు బొమ్మ అందించే పెట్టె) 25 మీటర్లు, కింది అంతస్తులో భోజనాల హాలు 45 మీటర్లు, గేటు 60 మీటర్లు. రికార్డర్, లైవ్ ల్యాప్‌టాప్, మనం చూసుకునే చిన్న మానిటర్ మిక్సర్ టేబుల్ మీదే.

ఇక్కడ ఒక ఇన్‌పుట్, ఎనిమిది అవుట్‌పుట్లు ఉన్న ఎస్‌డీఐ డీఏ మిక్సర్ పక్కనే పెడతాం. ఒకటి ఎల్‌ఈడీ వాల్‌కు, ఒకటి భోజనాల హాలుకు, ఒకటి గేటుకు, మూడు టేబుల్ మీది వాటికి. రెండు ఖాళీ. ఈ ఖాళీ రెండూ వృథా అనుకోవద్దు. "అన్నా, పెళ్లికూతురు గది దగ్గర కూడా ఒక టీవీ పెట్టించమంటున్నారు" అనే మాట పెళ్లి రోజు పొద్దున తప్పకుండా వస్తుంది.

భోజనాల హాల్లో రెండు టీవీలున్నాయి కాబట్టి అక్కడికి ఒకే ఎస్‌డీఐ వైరు తీసుకెళ్లి, కన్వర్టర్ తర్వాత రెండు అవుట్‌పుట్ల హెచ్‌డీఎంఐ స్ప్లిటర్ పెట్టండి. అక్కడ ఏ టీవీ ఆపినా మెరిసేవి ఆ రెండే, పైన స్టేజీకి ఏమీ కాదు. గొడవ చేసే పరికరాన్ని చివరి కొసకు తోసేయడమే ఇందులో కిటుకు.

గేటు దూరం 60 మీటర్లని కొలిచినా, గోడ వెంట, తలుపు పైనుంచి, మెట్ల కింద నుంచి తిప్పేసరికి వైరు 80 మీటర్లు పడుతుంది. ఇక్కడ మీ వీడియో ఫార్మాట్ లెక్కలోకి వస్తుంది. 1080పీ50 (సెకనుకు 50 నిండు బొమ్మలు) అయితే సెకనుకు 2.97 గిగాబిట్లు, దాన్ని 3జీ ఎస్‌డీఐ అంటారు. మంచి ఆర్‌జీ6 (ఒక రకం 75 ఓమ్‌ల కోయాక్సియల్) కేబుల్ మీద 70 మీటర్లు దాటితే దానికి భరోసా లేదు. అదే 1080ఐ50 (సెకనుకు 50 సగం బొమ్మలు) అయితే 1.485 గిగాబిట్లే, అదే కేబుల్ మీద 100 మీటర్ల దాకా పోతుంది. పెళ్లికి, గుడి ఉత్సవానికి 1080ఐ50 చక్కగా సరిపోతుంది. 1080పీ50 కచ్చితంగా కావాలంటే దారి మధ్యలో ఇంకో డీఏ పెట్టి సిగ్నల్‌ను మళ్లీ బలపరచాలి, లేదా ఫైబర్‌కు మారాలి.

మూడో అడుగు: డీఏ కొనేటప్పుడు

ఎస్‌డీఐ డీఏలో రెండు మాటలు వెతకండి. ఒకటి ఈక్వలైజర్: దూరం నుంచి నీరసపడి వచ్చిన సిగ్నల్‌ను నిలబెడుతుంది. రెండోది రీక్లాకింగ్: బిట్ల మధ్య కాలం తేడాలను సరిదిద్ది కొత్తగా పంపుతుంది. ఒక డీఏ తర్వాత ఇంకో డీఏ పెట్టాలనుకుంటే రీక్లాకింగ్ ఉండి తీరాలి, లేకపోతే ఆ తేడాలు పోగుపడుతూ పోతాయి. మీ ఫార్మాట్ వేగం పెట్టె మీద రాసి ఉందో లేదో చూడండి. ఇన్‌పుట్ లాక్ అయిందని (సిగ్నల్ సరిగ్గా అందిందని) చూపే లైటు ఉన్నది తీసుకోండి, కార్యక్రమం మధ్యలో ఆ లైటు సగం టెన్షన్ తగ్గిస్తుంది.

హెచ్‌డీఎంఐ స్ప్లిటర్ అయితే ఈడీఐడీని ఒకే రిజల్యూషన్‌కు కట్టిపడేసే స్విచ్ ఉన్నదే కొనండి. అది లేనిది నేను ఎవరికీ చెప్పను. స్ప్లిటర్, స్విచ్చర్ అని రెండు పెట్టెలు చూడ్డానికి ఒకేలా ఉంటాయి, షాపులో తేడా చూసుకోండి. స్విచ్చర్ చాలా ఇన్‌పుట్లలో ఒకదాన్ని ఎంచుతుంది, పంచదు.

నాలుగో అడుగు: కేబుల్, కనెక్టర్లు

ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి, కాబట్టి కాస్త ఆగుదాం.

కేబుల్ 75 ఓమ్‌లదే కావాలి. వైర్‌లెస్ సెట్లకు వాడే ఆర్‌జీ58 చూడ్డానికి అలాగే ఉంటుంది గానీ అది 50 ఓమ్‌లు. డిష్ కోసం వేసే ఆర్‌జీ6లో మధ్య తీగ ఉక్కు, పైన రాగి పూత. ఎస్‌డీఐ లాంటి ఎక్కువ ఫ్రీక్వెన్సీ పైపూత మీదే పోతుంది కాబట్టి తక్కువ దూరాలకు అది నడిచిపోతుంది. కాంపోజిట్‌కు మాత్రం అది బాగోదు. మీకంటూ కొనుక్కునేటప్పుడు మధ్య తీగ పూర్తి రాగిది, పైన ఫాయిల్, దాని మీద దట్టమైన జాలీ ఉన్నది తీసుకోండి.

బీఎన్‌సీ క్రింప్ చేసేటప్పుడు (కనెక్టర్‌ను పనిముట్టుతో నొక్కి బిగించేటప్పుడు) వెలుతురున్న చోట కూర్చోండి. స్ట్రిప్పర్‌తో పైతోలు తీశాక జాలీని వెనక్కి మడిచి, మధ్య తీగ చుట్టూ ఉన్న తెల్లటి ఇన్సులేషన్ మీద వెంట్రుకంత జాలీ తీగ కూడా లేకుండా గోటితో తుడవాలి. ఆ ఒక్క తీగ మధ్య పిన్నును తాకితే బొమ్మ ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. కారణం పట్టుకోవడానికి పూట పడుతుంది. పిన్ను క్రింప్ చేశాక లాగి చూడండి, కదలకూడదు. కనెక్టర్, డై (క్రింప్ పనిముట్టులోని నొక్కే అచ్చు) రెండూ ఆ కేబుల్ మందానికి సరిపోయినవే కావాలి. ఆర్‌జీ59 కనెక్టర్‌ను ఆర్‌జీ6కు బలవంతంగా ఎక్కించవద్దు.

తయారైన ప్రతి వైరునూ మల్టీమీటర్‌తో చూడండి. ఒక కొసకు 75 ఓమ్‌ల టెర్మినేటర్ (లోపల రెసిస్టర్ ఉన్న మూత) బిగించి, రెండో కొస దగ్గర మధ్య పిన్నుకీ బయటి లోహానికీ మధ్య కొలిస్తే 75 కంటే కాస్త ఎక్కువ చూపాలి. సున్నా చూపితే షార్ట్, ఏమీ చూపకపోతే తెగిపోయినట్టు. రెండు కొసలకూ ఒకే పేరు రాసిన టేపు అంటించండి: గేటు, భోజనాలు, ఎల్‌ఈడీ, ఇలా.

వైరు వేసేటప్పుడు సీరియల్ లైట్ల వైర్లతో, జనరేటర్ వైరుతో కలిపి కట్టవద్దు. దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి. మలుపుల దగ్గర నలగ్గొట్టకండి. మన దగ్గర వర్షం ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యే, కార్తీక మాసం పెళ్లిళ్లు అప్పుడే. బయటి జాయింట్లు నేల మీద వదలకుండా పైకి కట్టి, ప్లాస్టిక్ కవరు తొడిగి, కవరు నోరు కిందికి ఉండేలా చూడండి.

ఐదో అడుగు: కరెంటు, ఎర్త్

మిక్సర్, కన్వర్టర్, డీఏ, రికార్డర్, లైవ్ ల్యాప్‌టాప్ అన్నీ ఒకే యూపీఎస్ మీద ఉండాలి. కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ కొద్ది సెకన్లలో డీఏ ఆగితే, తిరిగి వచ్చాక హెచ్‌డీఎంఐ తెరలు మాటలు కలుపుకునేసరికి ఇంకొన్ని సెకన్లు పోతాయి. డీఏ అడాప్టర్‌ను ఎక్స్‌టెన్షన్ బాక్సు చివర వదులుగా వేలాడనివ్వకండి, టేపుతో కట్టేయండి.

ఎర్త్ విషయంలో నిర్లక్ష్యం వద్దు. గేటు దగ్గర టీవీకి వేరే ఫేజు నుంచో, వేరే మీటరు నుంచో, ఎర్త్ లేని రెండు పిన్నుల ప్లగ్గు నుంచో కరెంటు ఇస్తారు. ఆ టీవీ వెనక లోహం తాకితే చుర్రుమంటుంది. ఆ స్థితిలో వైరు తగిలిస్తే హెచ్‌డీఎంఐ పోర్టు కాలిపోవచ్చు. తగిలించే ముందు మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల మీద పెట్టి, మన వైరు బీఎన్‌సీ పైలోహానికీ టీవీ పోర్టు పైలోహానికీ మధ్య కొలవండి. ఒకటి రెండు వోల్టులు మించి చూపితే తగిలించవద్దు. ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ సరిచేయించండి, వీలైతే మన పాయింటు నుంచే దానికీ కరెంటు లాగండి. ఎర్త్ పిన్ను విరిచేసి సమస్య పోయిందనుకోవడం ప్రాణాల మీదికి తెస్తుంది. రెండు భవనాల మధ్య పంపాలంటే ఫైబరే మేలు, అందులో కరెంటు దాటే దారే లేదు.

ఆరో అడుగు: కలిపే వరస

అన్నీ ఆపి ఉన్నప్పుడే వైర్లన్నీ బిగించండి. తర్వాత ముందు తెరలు ఆన్ చేయండి, ఆపై డీఏ, చివరగా మిక్సర్. హెచ్‌డీఎంఐ ఉన్న చోట ఈ వరస ముఖ్యం, సోర్సు లేచేసరికి అవతలి తెర సిద్ధంగా ఉండాలి.

మొదట డీఏ ఒకటో అవుట్‌పుట్‌కు పక్కనే ఉన్న మానిటర్ ఒక్కటే తగిలించి, కలర్ బార్స్ (పరీక్ష కోసం వేసే రంగు పట్టీల బొమ్మ) చూడండి. అది సరిగ్గా వచ్చాకే రెండోది, మూడోది. అన్నీ ఒకేసారి తగిలించి వెతుక్కుంటే ఏది తప్పో తేలదు. ఎస్‌డీఐ డీఏలో వాడని అవుట్‌పుట్లను మామూలుగా ఖాళీగా వదిలేయొచ్చు. కాంపోజిట్‌లో ఒక మానిటర్ నుంచి ఇంకో మానిటర్‌కు లూప్ తీసుకుంటే మాత్రం చివరి దానికే 75 ఓమ్‌ల స్విచ్ ఆన్‌లో ఉండాలి, మధ్యలోవి హై పొజిషన్‌లో, అంటే ఆ 75 ఓమ్‌లు తగలకుండా.

ఏడో అడుగు: ఫార్మాట్ ఒక్కటిగా కట్టేయడం

కెమెరాలు, మిక్సర్, కన్వర్టర్లు అన్నీ 50 మీదే ఉండాలి. మన కరెంటు 50 హెర్ట్జ్, 60 మీద తీస్తే ట్యూబులైట్ల కింద బొమ్మ మినుకుమంటుంది. ల్యాప్‌టాప్‌ను మధ్యలో కలిపితే అది తనంతట 60కి పోతుంది, డిస్‌ప్లే సెట్టింగుల్లో 50కి మార్చండి. స్ప్లిటర్ ఈడీఐడీని 1080కి కట్టేయండి. లేకపోతే ఒక తెర 4కే అయిందంటే ల్యాప్‌టాప్ 4కే పంపుతుంది, ఎల్‌ఈడీ కంట్రోలర్ దాన్ని అందుకోలేక నల్లగా కూర్చుంటుంది.

డిష్ బాక్సు నుంచి వచ్చే సిగ్నల్‌కు హెచ్‌డీసీపీ అనే తాళం ఉంటుంది. ఎస్‌డీఐ కన్వర్టర్లు దాన్ని దాటనివ్వవు. మన కెమెరా బొమ్మకు ఈ తాళం ఉండదు కాబట్టి పెళ్లిలో ఇబ్బంది లేదు. డిష్ బాక్సు బొమ్మనే పంచాల్సి వస్తే హెచ్‌డీసీపీ ఉన్న హెచ్‌డీఎంఐ స్ప్లిటర్, అదే ఉన్న తెరలు కావాలి.

తెర మీద పంతులు గారి పెదవులు మంత్రం కన్నా వెనకబడితే తప్పు డీఏది కాదు. డీఏ వల్ల కంటికి తెలిసే ఆలస్యం రాదు. మిక్సర్, ఎల్‌ఈడీ కంట్రోలర్ ఒక్కో ఫ్రేము (ఒక నిండు బొమ్మ) నిలబెడతాయి, 1080పీ50లో ఒక ఫ్రేము 20 మిల్లీసెకన్లు, 1080ఐ50లో 40. హాలు వెనక కూర్చున్నవాళ్లకు శబ్దం మీటరుకు 3 మిల్లీసెకన్ల చొప్పున ఆలస్యంగానే వస్తుంది కాబట్టి వాళ్లకు ఇది పెద్దగా తెలియదు.

ఎనిమిదో అడుగు: ముందే పరీక్షించడం

అనలాగ్‌లో వైరు పొడవు పెరిగేకొద్దీ బొమ్మ మెల్లగా మసకబారుతుంది, జాగ్రత్త పడటానికి టైముంటుంది. ఎస్‌డీఐ అలా చెప్పదు. ఒక పొడవు దాకా బొమ్మ అద్దంలా ఉంటుంది, దాటగానే చుక్కలు మెరుస్తాయి, ఇంకొక్క అడుగు దాటితే బొమ్మే ఉండదు. కాబట్టి బొమ్మ వచ్చిందని లేచి రాకండి. అన్నిటికన్నా పొడవైన వైరుకు, మన ఉదాహరణలో గేటు వైరుకు, అదనంగా ఇంకో పదిహేను మీటర్ల వైరు జాయింటు పెట్టి చూడండి. అప్పుడు కూడా ఒక్క చుక్క రాకపోతే మీ చేతిలో మిగులు ఉన్నట్టు, అదనపు వైరు తీసేసి నిశ్చింతగా ఉండొచ్చు. చుక్కలు వస్తే ఆ లైను అంచు మీద ఉంది, ఫార్మాట్ తగ్గించండి లేదా మధ్యలో డీఏ పెట్టండి.

తర్వాత ఒక్కో టీవీని ఆపి, మళ్లీ వేసి, మిగతా తెరల్లో కదలిక ఉందేమో చూడండి. యూపీఎస్ ప్లగ్గు ఒకసారి పీకి చూడండి. జనరేటర్ మీద నడిపించి చూడండి. ఇవన్నీ ముహూర్తానికి ముందు రాత్రి అరగంట పని.

కార్యక్రమం మధ్యలో బొమ్మ పోతే

అన్ని తెరలూ పోయాయంటే తప్పు డీఏలోనో, దానికి ముందో ఉన్నట్టు: డీఏ లాక్ లైటు, అడాప్టర్, ఇన్‌పుట్ వైరు చూడండి. ఒక్క తెరే పోతే ఆ వైరును డీఏ దగ్గర ఖాళీ అవుట్‌పుట్‌కు మార్చండి. బొమ్మ వచ్చిందా, ఆ పోర్టు పోయినట్టు. రాలేదా, మిక్సర్ టేబుల్ మీది చిన్న మానిటర్‌ను ఆ కొసకు మోసుకెళ్లి తగిలించండి. అందులో వస్తే కన్వర్టరో టీవీయో తప్పు, రాకపోతే వైరు తప్పు. డీఏనే పోతే మిక్సర్ అవుట్‌పుట్‌ను నేరుగా ఎల్‌ఈడీ వాల్ వైరుకు కలపండి. అందుకు రెండు బీఎన్‌సీ వైర్లను కలిపే జాయింటు ఒకటి ఎప్పుడూ జేబులో ఉండాలి. మిగతా తెరలు తర్వాత చూసుకోవచ్చు.

కాంపోజిట్ తెర మీద అడ్డంగా మెల్లగా పాకే పట్టీలు కనిపిస్తే అది ఎర్త్ తేడా, ఐదో అడుగుకు వెళ్లండి. రెండు గంటలు నడిచాక బొమ్మ మెరవడం మొదలైతే డీఏను చేత్తో తాకి చూడండి. మన ఎండలకు, రేకుల షెడ్డు కింద, మిక్సర్ నెత్తిన పెట్టి పైన గుడ్డ కప్పితే ఆ పెట్టె కాలిపోతుంటుంది. విడిగా పెట్టి చిన్న ఫ్యాను గాలి తగిలేలా చూడండి.

విప్పేటప్పుడు

కేబుళ్లను మోచేతికి చుట్టకండి, లోపలి తీగ మెలిపడుతుంది. పెద్ద వలయాలుగా, ఒక చుట్టు లోపలికి ఒక చుట్టు బయటికి వేస్తూ చుట్టండి. మైపాడు, కొత్తపట్నం లాంటి తీరంలో పని చేసి వస్తే ఉప్పుగాలికి కనెక్టర్లు పచ్చబడతాయి. ఇంటికి రాగానే పొడి గుడ్డతో తుడిచి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో పిన్నులు శుభ్రం చేసి, ఆరాక మూతలు పెట్టండి. అనుమానం వచ్చిన వైరుకు ముడి వేసి విడిగా పెట్టి, మల్టీమీటర్ పరీక్ష అయ్యాకే తిరిగి పెట్టెలో వేయండి.